లేక్ ఆగ్నెస్ టీ హౌస్: షటిల్ సీట్లు దొరకనప్పుడు

జూలైలో అమ్మగారితో కెనడాలోని లేక్ ఆగ్నెస్ టీ హౌస్‌కు (లేక్ లూయీస్ నుంచి కొండెక్కి చేరే టీ దుకాణం) వెళ్లాలంటే, లేక్ లూయీస్‌కు తీసుకెళ్లే షటిల్ బస్సు సీట్లన్నీ అయిపోయాయని, అమ్మగారి మోకాళ్లకు ఆ నడక కష్టమేమోనని రాశారు. సీట్ల గురించి దిగులు పడకండి. మీరు చూసింది మొదటి విడత మాత్రమే. మిగతావి ప్రయాణానికి రెండు రోజుల ముందు, అక్కడి ఉదయం 8 గంటలకు విడుదలవుతాయి.

చాలామంది తప్పేది ఇక్కడే. వేసవిలో అది హైదరాబాద్‌లో రాత్రి 7:30. మన ఉదయం 8కి వెతికితే ఏమీ కనబడదు.

1. పార్క్స్ కెనడా (అక్కడి జాతీయ పార్కుల సంస్థ, సీట్లు ఇచ్చేది వీళ్లే) ఖాతా ముందే తెరిచి, మన రాత్రి 7:20కల్లా లాగిన్ అయి ఉండండి. ఆ సమయానికి విమానంలో ఉంటారా? ఇంట్లో ఎవరికైనా అప్పగించండి.

2. పొద్దున్నే బయలుదేరే సీటు తీసుకోండి.

3. అమ్మగారి మోకాళ్ల గురించి అడిగారు: లేక్ లూయీస్ నుంచి టీ హౌస్‌కు ఒకవైపు దాదాపు మూడున్నర కిలోమీటర్లు, ఎక్కుడు సుమారు 400 మీటర్లు. గోల్కొండ కొండకు మూడింతలు. ఇప్పటినుంచే గోల్కొండ కోట పైనున్న బాలాహిస్సార్ ఎక్కించండి. చివర్లో మెట్లున్నాయి, కష్టమనిపిస్తే దారిలో వచ్చే మిర్రర్ లేక్ దగ్గరే ఆగిపోవచ్చు, అదీ అందంగానే ఉంటుంది.