ఆక్సిలరేటర్ తొక్కగానే పాత మారుతి ఎందుకు తడబడుతుంది?

అమలాపురంలోని మీ పాత కార్బ్యురేటర్ మారుతి 800 ఆక్సిలరేటర్ తొక్కగానే తడబడి, ఒక్కోసారి ఆగిపోతోందన్నారు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే ఆ కార్బ్యురేటరే మార్చేయాలని ఎవరైనా తొందరపెడితే వినకండి.

తడబాటు తొక్కిన క్షణంలోనే ఉంటే మొదటి అనుమానం, తొక్కగానే అదనపు పెట్రోలు చిమ్మే ఆక్సిలరేటర్ పంపు మీదే. ఇంజను ఆపి, చల్లారాక ఎయిర్ ఫిల్టర్ మూత తీయండి. కార్బ్యురేటర్ నోట్లోకి చూస్తూ థ్రాటిల్ మీటను (ఆక్సిలరేటర్ తీగ తగిలించి ఉండే మీట) చేత్తో లాగితే సన్నని పెట్రోలు ధార చిమ్మాలి. చిమ్మకుండా చుక్కలుగా కారితే పంపులోని పొర (డయాఫ్రం) పాడైనట్టో, దారి పూడుకుపోయినట్టో లెక్క. చుట్ట కాల్చేవారిని మాత్రం దూరంగా ఉంచండి!

సిగ్నల్ దగ్గర నిలిపినప్పుడే ఆగిపోతుంటే ఐడిల్ జెట్ (బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజనుకు పెట్రోలు అందించే సన్నని రంధ్రం), పగుళ్లిచ్చిన వాక్యూమ్ గొట్టాలు చూడాలి. రావులపాలెం హైవే మీద కాసేపు వేగంగా పోయాక నీరసిస్తే పెట్రోలు ఫిల్టర్ లేదా పెట్రోలు పంపు చూడాలి.

తేమ ఎక్కువగా ఉండే కోనసీమలో ఇంకో తంటా ఉంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. బండి వానాకాలమంతా కదలకుండా ఉంటే కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలును గాజు సీసాలోకి దించండి. నీరు చేరి ఉంటే అడుగున వేరే పొరగా తేలిగ్గానే కనబడుతుంది. అప్పుడు ట్యాంకు కూడా ఖాళీ చేయించాల్సిందే.