మా వాడిది వైర్లు గుచ్చే పని అంటున్నారు, సైబర్ సెక్యూరిటీలో చేర్పించమంటారా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసి, రెండేళ్లుగా భీమవరంలో కంప్యూటర్ సర్వీసు షాపులో పని చేస్తున్నాడు. రైస్ మిల్లులు, రొయ్యల మేత డీలర్లు, హాస్పిటళ్ల వాళ్లు ఫోన్ చేస్తే వెళ్లి ఈ కంప్యూటర్లో ఉన్నది ఆ కంప్యూటర్లో కనబడేలా చేస్తాడట. రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని రిమోట్‌లో కూడా చేస్తుంటాడు. జీతం 14 వేలు. చుట్టాలు వైర్లు గుచ్చే పని అంటున్నారు, సంబంధాలు చూద్దామన్నా ఏం చెప్పాలో తెలియట్లేదు. హైదరాబాద్‌లో ఆరు నెలల సైబర్ సెక్యూరిటీ కోర్సు, లక్షా 60 వేలు, ఉద్యోగం గ్యారంటీ అన్నారు. చెరువు లీజు డబ్బు చేతికొచ్చింది, కట్టేద్దామనుకుంటున్నాను. వాడేమో ఇప్పుడే వద్దంటున్నాడు. రెండింట్లో ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అన్నయ్యగారూ, మీరు రాసినదాంట్లో కోర్సు గురించి ఉన్నది ఒక్క వాక్యం. చుట్టాలు ఏమంటున్నారు, సంబంధం వాళ్లకి ఏం చెప్పాలి అన్నదే మిగతాదంతా. ఇలాంటి ప్రశ్నలు నాకు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, కోర్సు పేరు ఒక్కటే మారుతుంటుంది. ఒకప్పుడు జావా, ఆ తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు సైబర్ సెక్యూరిటీ. లోపల అడిగేది మాత్రం ఒకటే, మా వాడు చేసేది నలుగురిలో చెప్పుకోదగ్గ పనేనా అని. అందుకని ముందు దానికే చెబుతాను. చెప్పుకోదగ్గ పనే. ఎందుకో కూడా చెబుతాను, ఎందుకంటే అది మీకు ఎవరూ చెప్పినట్టు లేదు, మీరూ వాడిని అడిగినట్టు లేదు.

పోయిన దాళ్వా మాసూళ్లప్పుడు ఆకివీడు వైపు మా చిన్నాన్నగారి మిల్లులో ఉన్నాను. పొద్దున్నే కాటా గదిలో కంప్యూటర్ మొరాయించింది. ఆఫీసు గదిలోని పెద్ద కంప్యూటర్లో లెక్కలు రాసే టాలీ డేటా ఉంటుంది, కాటా గదిలోది దాన్ని షేర్ ఫోల్డర్‌గా తెరుస్తుంది. ఆ రోజు తెరవబోతే నెట్‌వర్క్ పాత్ దొరకలేదని 80070035 నంబరు ఎర్రర్. బయట ధాన్యం లారీలు వరసగా ఆగిపోయాయి, డ్రైవర్లు హారన్లు. ముందు ఒకతను వచ్చాడు. వచ్చీ రాగానే బయటివాళ్లని లోపలికి రాకుండా ఆపే ఫైర్‌వాల్ తీసేశాడు, సి డ్రైవ్ మొత్తాన్ని ఎవరైనా తెరుచుకునేలా షేర్ చేసేశాడు, అయినా పని కాకపోయేసరికి ఫార్మాట్ కొట్టాలి అనేసి వెళ్లిపోయాడు.

తర్వాత మీ వాడి వయసు కుర్రాడే ఇంకొకడు వచ్చాడు. కీబోర్డు ముట్టుకోలేదు, ముందు స్విచ్ మీద లైట్లు చూశాడు. "నిన్న సాయంత్రం పని చేసిందా? ఆ తర్వాత ఏం మార్చారు?" అని అడిగాడు. గుమస్తా ఏమీ మార్చలేదన్నాడు. సరేనని కాటా గదిలోంచి పెద్ద కంప్యూటర్‌కి పింగ్ కొట్టాడు, అంటే ఉన్నావా అని పలకరించాడు, జవాబు లేదు. పింగ్ పలకనంత మాత్రాన దారి లేదని కాదు, ఫైర్‌వాల్ కూడా దాన్ని ఆపేయొచ్చు, అందుకని అక్కడ ఆగలేదు. నడిచి ఆఫీసు గదికి వెళ్లి ఆ కంప్యూటర్‌కి నెట్‌వర్క్‌లో ఉన్న అడ్రస్ నంబరు చూశాడు. చివర 7 ఉంది. కాటా గదిలో డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌లో చివర 4 ఉంది. మళ్లీ గుమస్తాని అడిగాడు, "నెట్ బాక్స్ ఏమైనా మారిందా?" అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. రాత్రి ఉరుములకి రౌటర్ కాలిపోతే కేబుల్ అతను వచ్చి కొత్తది పెట్టి వెళ్లాడు. కొత్త రౌటర్ అందరికీ కొత్త అడ్రసులు పంచింది. పైగా విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ కింద లెక్కేసి పబ్లిక్‌లో, అంటే నమ్మకూడని వాటి లెక్కలో పెట్టేసింది, పబ్లిక్‌లో ఉంటే ఫైల్ షేరింగ్ మామూలుగా రానివ్వదు. రెండు తప్పులు, వాటికి మూలం మాత్రం ఒక్కటే.

ఆ కుర్రాడు ప్రైవేట్‌కి మార్చాడు, పెద్ద కంప్యూటర్‌కి ఇక అడ్రస్ మారకుండా రౌటర్‌లో కట్టేశాడు. ముందతను తీసేసిన ఫైర్‌వాల్ మళ్లీ పెట్టాడు, సి డ్రైవ్ షేర్ తీసేసి టాలీ ఫోల్డర్ ఒక్కటే ఒక్క యూజర్‌కి పాస్‌వర్డ్‌తో ఇచ్చాడు. ఫైల్ షేరింగ్ నడిచే దారి, 445 పోర్టు తెరుచుకుంటోందా లేదా అని కాటా గదిలోంచి చూసి గాని లేవలేదు. నలభై నిమిషాలు పట్టింది. అతను చేసిన ఆ పనిలో వైరు ఎక్కడుందండీ? ఏ మెట్టు దగ్గర తెగిందో వరసగా కనుక్కోవడం ఉంది, తనకి అబద్ధం చెబుతున్న మనిషి తెలిసి చెప్పట్లేదని గ్రహించి ప్రశ్న మార్చి అడగడం ఉంది. ఊళ్లో మంచి డాక్టరు చేసేది కూడా ఇదే కదా.

మీ వాడు రాత్రిళ్లు చేసే రిమోట్ పనీ అంతే. విండోస్ హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్లోకి రిమోట్ డెస్క్‌టాప్‌లో వెళ్లడం కుదరదు, ప్రో కావాలి. పాస్‌వర్డ్ లేని యూజర్‌తో బయటి నుంచి లాగిన్ అవ్వనివ్వదు, "ఎందుకులే రోజూ కొట్టుకోవడం" అని గుమస్తా పాస్‌వర్డ్ తీసేస్తే మర్నాడు రిమోటూ ఆగిపోతుంది, షేరింగూ ఆగిపోతుంది. కంప్యూటర్ నిద్రలోకి వెళ్లిపోయినా అంతే. కొన్ని నెట్ కంపెనీలు పదిమంది కస్టమర్లని ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెడతాయి, అప్పుడు రౌటర్‌లో ఎంత పోర్టు ఫార్వర్డ్ చేసినా బయటి నుంచి లోపలికి దారి ఉండదు. విండోస్ 11 లో 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరిచే పాత స్టోరేజి బాక్సులు ప్రో ఎడిషన్లో తెరుచుకోవడం మానేశాయి, నిన్నటిదాకా పని చేసింది కదా అని మిల్లు ఓనర్లు కుర్రాళ్ల మీద అరిచారు. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ ఒక్కచోట ఉండవు. రెండేళ్లు మిల్లులూ హేచరీలూ తిరిగితే వస్తాయి.

ఇక కోర్సు సంగతి. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చమన్నారు. నాకున్న అనుమానాలే ముందు చెప్పేస్తాను.

సైబర్ సెక్యూరిటీ మంచి రంగమే, ఉద్యోగాలు ఉన్నాయి, మంచి జీతాలూ ఉన్నాయి. నాకు నమ్మకం లేనిది ఆ రంగం మీద కాదు, ఏమీ తెలియని పిల్లాడిని ఆరు నెలల్లో అందులో నిలబెడతామనే మాట మీద. సెక్యూరిటీ అంటే ఏమిటండీ? ఏ తలుపు ఎందుకు తెరిచి ఉందో, ఏది మూసినా పని ఆగదో తెలియడం. 2017 మేలో వాన్నాక్రై అని ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ఒకటి ప్రపంచం మీద పడింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దానికి దొరికాయి. అది వచ్చిన దారి ఏది? విండోస్ ఫైల్ షేరింగే. పాత రకం షేరింగ్‌లో ఉన్న లోపం, అదే 445 పోర్టు. దాన్ని సరిచేసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందు, మార్చిలోనే వచ్చింది, పెట్టుకోని వాళ్లవి పోయాయి. అంటే మీ వాడు రోజూ చేతులు పెట్టే చోటే అదంతా జరిగింది.

మన దగ్గరా జరుగుతూనే ఉంది. నాకు తెలిసిన ఒక మేత డీలర్, హైదరాబాద్‌లో కొడుకింట్లో కూర్చుని ఖాతాలు చూసుకోవాలని, ఎవరితోనో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిపించాడు. పాస్‌వర్డ్ ఆ షాపు పేరే. కొన్నాళ్లకి ఒక తెల్లవారుజామున ఫైళ్లన్నీ తాళం పడిపోయాయి, డబ్బు కడితేనే తీస్తామని చీటీ. ఆ పెద్దమనిషి రైతులకి ఇచ్చిన అప్పుల లెక్క మూడు నెలలది పాత కాయితాలూ ఫోన్ మెసేజీలూ చూసి మళ్లీ రాసుకున్నాడు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. ఆ దారి తెరిచే ముందు, దీనికి వీపీఎన్ పెడదామండీ, మనవాళ్లకి మాత్రమే తెరుచుకునే దారి అది, ఇలా వదిలేయకూడదు అని చెప్పగలిగిన కుర్రాడు ఒక్కడుంటే సరిపోయేది. అలా చెప్పగలిగినవాడే సెక్యూరిటీ మనిషి, అతని దగ్గర ఏ సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా.

ఆరు నెలల కోర్సులు చేసి తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చున్న పిల్లల్ని చూశాను నేను. సెక్యూరిటీ పరీక్షలకి వాడే కాళీ లైనక్స్‌లో పది టూల్స్ పేర్లు గడగడా చెబుతారు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదాని ఫోల్డర్ తెరుచుకోవట్లేదు, ఎక్కడ మొదలెడతావు బాబూ అంటే నేల చూపులు చూస్తారు. ఇంటర్వ్యూలో అడిగేదీ అదేనండీ. పిల్లల తప్పు కాదు. పునాది లేకుండా పై అంతస్తు కట్టించాం మనం, అప్పు చేసి మరీ. గ్యారంటీ అన్నారు కదా, ఆ మాట కాయితం మీద రాసిమ్మనండి. ఏ కంపెనీలో, ఎంత జీతానికి, రాకపోతే డబ్బు వెనక్కి ఎప్పుడు ఇస్తారు అని అడగండి. చాలాచోట్ల కాయితం మీద గ్యారంటీ ఉండదు, ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అని ఉంటుంది. అంటే ఇంటర్వ్యూ ఉందని మెసేజ్ పెడతారు, అంతే.

అన్నయ్యగారూ, ఇక్కడ కాస్త కటువుగా చెబుతున్నాను, ఏమనుకోకండి. వద్దన్నది మీ అబ్బాయి. ఆ పనిలో రెండేళ్లు ఉన్నవాడు, ఇప్పుడే కాదు అంటే దానికి ఒక కారణం ఉంటుంది. అది అడక్కుండా, కంప్యూటర్ ముందు ఒక్క రోజు కూడా కూర్చోనటువంటి చుట్టాల మాట విని లక్షా 60 వేలు తీసుకెళ్లి ఇస్తానంటున్నారు. మీ చెరువు లీజుకి ఇచ్చేటప్పుడు పెళ్లిలో భోజనాల దగ్గర ఎవరో అన్నదాన్ని బట్టి రేటు ఖాయం చేశారా? నీళ్లు చూసి, గట్లు చూసి, అవతల మనిషిని చూసి ఇచ్చుంటారు. పిల్లాడి విషయంలో అంత మాత్రం చూడరా? రాత్రి పదకొండింటికి హాస్పిటల్ వాళ్లు ఫోన్ చేసి బిల్లింగ్ కౌంటర్ ఆగిపోయింది అంటే వాడు అన్నం మధ్యలో లేచి లాప్‌టాప్ తెరుస్తున్నాడంటే, ఊళ్లో పెద్ద వ్యాపారస్తులు తమ లెక్కలున్న కంప్యూటర్ల పాస్‌వర్డులు వాడి చేతిలో పెట్టారన్నమాట. ముక్కూ మొహం తెలియనివాడు చెప్పాడని, దూరం నుంచి మన స్క్రీన్ చూపించే ఎనీడెస్క్ లాంటి యాప్‌లు ఎక్కించుకుని ఖాతాలు ఖాళీ చేసుకుంటున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు హెచ్చరించింది. అలాంటి రోజుల్లో ఒక మనిషిని తమ స్క్రీన్ మీదికి రానిస్తున్నారంటే ఎంత నమ్మకం ఉండాలి? సంబంధం వాళ్లకి ఏం చెప్పాలి అన్నారు కదా. మా వాడు నెట్‌వర్క్, సిస్టమ్స్ సపోర్ట్ ఇంజనీరు, భీమవరంలో ఇన్ని ఆఫీసుల పని వాడి మీద నడుస్తోంది అని చెప్పండి. అది నిజం, తలెత్తి చెప్పొచ్చు.

అలాగని 14 వేల దగ్గరే ఉండిపొమ్మనట్లేదు. ఆ షాపులోనే ఇంకో అయిదేళ్లు అదే ప్రింటరూ అదే షేరింగూ చూస్తూ కూర్చుంటే ఆగిపోతాడు, అందులో మీ భయం నిజమే. ఒక ఏడాది, ఏడాదిన్నర ఉద్యోగం చేసుకుంటూనే పైకి ఎక్కాలి. నెట్‌వర్క్ పనికి సిస్కో కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ సిసిఎన్‌ఏకి చదవమనండి, పరీక్ష ఫీజు 300 డాలర్లు, కోర్సు ఫీజులో చిన్న ముక్క. సాధనకి సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. విండోస్ సర్వర్ 180 రోజులు ఉచితంగా వాడి చూసుకోనిస్తారు, అది ఒక పాత కంప్యూటర్లో వేసుకుని పది యూజర్లని, ఫోల్డర్ల అనుమతులని నడపడం నేర్చుకోవాలి. లైనక్స్ కూడా. డబ్బు పెట్టాలనిపిస్తే పదహారు జీబీ ర్యామ్ ఉన్న ఒక మంచి కంప్యూటర్ కొనివ్వండి. ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాల మెయిల్ రాయడం రోజూ సాధన చేయాలి, మన డెల్టా పిల్లలు పని తెలిసీ దాని దగ్గరే వెనకబడుతున్నారు. రాత్రి చేసే పనికి షాపు ఓనర్ ఏమైనా ఇస్తున్నాడో లేదో కూడా కనుక్కోండి, ఇవ్వకపోతే అడగడం నేర్చుకోవాలి వాడు. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఎలాగూ ఉంది, దాని వివరాలు మీ వాడికే బాగా తెలిసుంటాయి.

ఇదంతా అయ్యాక సెక్యూరిటీ వైపు వెళ్తానంటే నేనే వెళ్లమంటాను. అప్పటికి వాడికి కోర్సు అవసరం ఉంటుందో లేదో వాడే చెబుతాడు. లేదూ, హైదరాబాద్ వద్దు ఇక్కడే ఉంటాను అంటే, పది మిల్లులకీ నాలుగు హాస్పిటళ్లకీ ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం పెట్టుకుని సొంతంగా చేసుకోవచ్చు, అలా నిలబడిన వాళ్లు తణుకులోనూ అమలాపురంలోనూ నాకు తెలుసు.

ఆ ఇన్‌స్టిట్యూట్‌కి అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే కట్టకండి. లీజు డబ్బు బ్యాంకులో ఉండనివ్వండి. ఈ ఆదివారం వాడు పనికి వెళ్తుంటే వెనకాల బండెక్కి ఒక్క మిల్లుకి వెళ్లి, ఓ మూల కూర్చుని చూడండి. వాడిని ఒక నోటుబుక్ పెట్టుకోమనండి, ఏ ఊళ్లో ఏం ఆగింది, మొదట ఏం అనుకున్నాడు, చివరికి ఏం తేలింది అని రోజూ రాయమనండి. ఓ యాభై పేజీలు నిండాక ఆ నోటుబుక్ పట్టుకుని నా దగ్గరికి రమ్మనండి, బయోడేటా అందులోంచి మేమిద్దరం కూర్చుని రాసుకుంటాం.