రాతిలోని కత్తి, సరస్సులోని కత్తి

ప్రశ్న: ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి టి.హెచ్. వైట్ రాసిన ‘ది స్వోర్డ్ ఇన్ ది స్టోన్’ కొనిచ్చాను. బ్రిటన్ పాత గాథల్లోని రాజు ఆర్థర్ రాతిలోంచి లాగిన కత్తే అతని పేరుమోసిన ఖడ్గం ఎక్స్‌కాలిబర్ అని తన వాదన. దాన్ని సరస్సు దేవత ఇచ్చిందని నేను చదివిన గుర్తు. ఎవరిది ఒప్పు? రాజు కాబోయే పిల్లవాడు చేపగా మారడం కూడా పాత కథలో ఉన్నదేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ గుర్తే పాత గ్రంథానికి దగ్గర. థామస్ మాలరీ కూర్చగా విలియం కాక్స్‌టన్ 1485లో అచ్చువేసిన ఆర్థర్ కథల గ్రంథంలో, పెల్లినోర్ రాజుతో పోరులో ఆర్థర్ కత్తి విరిగిపోతుంది. ఆ తరువాతే మాంత్రికుడు మెర్లిన్ అతణ్ణి సరస్సు దగ్గరికి తీసుకుపోతాడు, నీటి నడుమ తెల్లని పట్టు తొడిగిన చేయి ఒకటి కత్తిని ఎత్తి పట్టుకుని కనిపిస్తుంది. అయితే అంతకు ముందే ఒకచోట మాలరీ రాతిలోని కత్తిని కూడా ఎక్స్‌కాలిబర్ అనేశాడు గనుక, మీ అమ్మాయి ఓడిపోయిందనడానికి వీల్లేదు.

చేప సంగతి మాత్రం 1938లో వైట్ చేసిన కల్పన. మాలరీలో పసిబిడ్డను మెర్లిన్ ఎక్టర్ అనే వీరుడి ఇంట పెరగడానికి పంపిస్తాడు. ఆ తరువాత మనకు కనిపించేది కత్తి లాగే కుర్రవాడే. ఒక రకంగా అది బాలకాండ లేని కావ్యం (మన బాలకాండలోనూ రాముడి చిన్నతనం కొద్ది శ్లోకాల్లోనే ముగుస్తుందనుకోండి). వైట్ సరిగ్గా ఆ ఖాళీలోకే దూరి, ఆర్థర్‌కు ‘వార్ట్’, అంటే పులిపిరి, అని ముద్దుపేరు పెట్టి, మెర్లిన్‌ను గురువుగా కుదిర్చాడు. మెర్లిన్ మంత్రంతో చేపగా మారి కోట కందకంలో ఈదుతున్న వార్ట్‌కు అక్కడ ఏలుతున్న ముసలి పైక్ చేప బలం తప్ప మరేదీ లేదని బోధించి, చివరికి వాణ్ణే మింగబోతుంది.

అసలు తేడా కత్తి ఘట్టంలో తెలుస్తుంది. రెండు కథల్లోనూ ఎక్టర్ కొడుకు, అన్న వరసైన ‘కే’ మరిచి వచ్చిన కత్తి కోసం వెళ్లిన కుర్రవాడు, బసలో ఎవరూ లేకపోవడంతో చర్చి ఆవరణలోకి వస్తాడు. మాలరీలో మొదటి పట్టుకే కత్తి సులువుగా ఊడివస్తుంది, ఎందుకంటే అతడు రాజు కొడుకు. వైట్ కథలో రెండుసార్లు లాగినా రాదు. అంతకాలం పాఠాలు చెప్పిన పక్షులూ జంతువులూ చుట్టూ చేరి హుషారిచ్చాకే మూడోసారి, ఒరలోంచి తీసినంత మెల్లగా వస్తుంది. పుట్టుక హక్కు పోలేదు గానీ, దాని పక్కన చదువుకూ చోటు దొరికింది. నాకు వైట్ నచ్చేది ఇక్కడే.

తరువాత సుసాన్ కూపర్ రాసిన ‘ది గ్రే కింగ్’ ఇవ్వవచ్చు. అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకాన్ని 1976లో అందుకున్న ఈ నవలలో, ఇరవయ్యో శతాబ్దపు వేల్స్‌లో గొర్రెలు కాసే కొండల మధ్య బ్రాన్ అనే తెల్లజుట్టు అబ్బాయి ఉంటాడు. అతడెవరో ఇక్కడ రాస్తే మీ అమ్మాయి నన్ను క్షమించదు. అతని కుక్క పేరు కవాల్, పాత వెల్ష్ గాథల్లో ఆర్థర్ వేటకుక్క పేరూ అదే. ఆ కుక్క నవల మధ్యలో చనిపోతుంది. మీ ఇంట్లో కుక్క ఉంటే ఆ మాట ముందే చెప్పి పుస్తకం చేతికివ్వండి.