అన్నలు మా పొలంలో పాతించిన గెట్టు రాయి

అడిగిన ప్రశ్న ఇది: "సాయుధ గ్రూపులు తమ పట్టులో ఉన్న ప్రాంతాల్లో నిజంగా పాలన చేస్తాయా, లేక జనం తుపాకీకి భయపడి మాట వింటారా?"

ఇక్కడ చాలామంది "భయమే, ఇంకేముంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అలా రాసినవాళ్లెవరూ రాత్రిపూట అన్నల (మా వైపు నక్సలైట్లను అలాగే అంటారు) ముందు కూర్చుని పంచాయితీ చెప్పుకున్న ఇంట్లో పుట్టినవాళ్లు కారని నా గట్టి నమ్మకం. నేను పుట్టాను. మాది మానేరు వైపు ఒక ఊరు, అప్పటి కరీంనగర్ జిల్లా. ఇప్పుడు చెన్నైలో, వలసరవాక్కంలో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను.

1989 ఎండాకాలం. నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మా బాపుకు, చిన్నాయనకు మూడు గుంటల గెట్టు తగాదా. అంటే 363 గజాలు. ఇప్పటి లెక్కల్లో ఒక ప్లాటు. తాత పోయాక పంపకాల్లో వచ్చిన గొడవ అది, బావి పక్క నుంచి పోయే గెట్టు కాబట్టి నీళ్ల గొడవ కూడా కలిసింది. అప్పటికే ఎనిమిదేళ్లుగా మున్సిఫ్ కోర్టులో నడుస్తోంది. వాయిదా ఉన్న రోజు బాపు తెల్లవారుజామున బస్సెక్కేవాడు, సాయంత్రం చీకటి పడ్డాక దిగేవాడు. "ఏమైంది?" అని అమ్మ అడిగేది. "వాయిదా" అనేవాడు. అదే బస్సులో చిన్నాయన కూడా వెనక సీట్లో వెళ్లి వచ్చేవాడు. ఎనిమిదేళ్లు ఇద్దరూ ఒకే బస్సులో మాట్లాడుకోకుండా తిరిగారు.

ఒక రాత్రి తొమ్మిదింటికి, అన్నల వెనక నడిచే ఊరి సంఘం పిల్లగాడు ఒకడు వచ్చి, "అన్నలొచ్చిన్రు, నిన్ను బడి కాడికి రమ్మన్నరు" అన్నాడు. చిన్నాయన సంఘానికి చెప్పుకున్నాడని అప్పుడే తెలిసింది. బాపు కోర్టు కాయితాల సంచి చంకలో పెట్టుకుని బయల్దేరాడు. అమ్మ వద్దంటున్నా నేను వెనకాలే వెళ్లాను.

బడి అరుగు మీద కందిలి ఒకటే. దళంలో ఏడుగురు ఉన్నారు. నాకు బాగా గుర్తున్నది వాళ్ల తుపాకులు కాదు. అరుగు చివర ఒక అక్క కూర్చుని, పాదం మోకాలి మీద పెట్టుకుని, పిన్నీసుతో ముల్లు తీసుకుంటోంది. పంచాయితీ జరిగినంతసేపూ ఆమె అదే పని. కందిలి వెలుతురు చాలక మడమను అటూ ఇటూ తిప్పుకుంటోంది. మా పెద్దక్క కన్నా పెద్దదేం కాదు.

దళ నాయకుడి చేతిలో నోటుబుక్కు ఉంది, వెనక అట్ట మీద ఎక్కాలు అచ్చేసి ఉండే బడిపిల్లల నోటుబుక్కు. బాపు సంచి విప్పబోతే, "కాయితాలు ఉండనియ్యే అన్నా, నోటితోని చెప్పు" అన్నాడు. ఇద్దరినీ అడిగాడు. ఇటు పక్క, అటు పక్క పొలాల వాళ్లను అడిగాడు. కరెంటు ఎన్ని గంటలు ఉంటుంది, మోటరు ఎవరు కొన్నారు అని అడిగాడు. తర్వాత, కోర్టులో ఎనిమిదేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడిగాడు: "మీ నాయిన సావు ఖర్చు ఎవలు పెట్టిన్రు?"

చిన్నాయన పెట్టాడు. అప్పు తెచ్చి పెట్టాడు. అది ఊరందరికీ తెలుసు.

"మూడు గుంటలు తమ్మునికి. నీళ్లు దినం తప్పించి దినం. కోర్టుకు ఇంక పోవద్దు." అంతే. గంట కూడా పట్టలేదు. తెల్లారి సంఘపోళ్లు తాడు పట్టుకుని కొలిచి నాలుగు రాళ్లు పాతారు. మధ్యాహ్నానికి చిన్నాయన మా ఇంటి గడపలోకి వచ్చి మంచినీళ్లు అడిగాడు. ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి. అమ్మ చెంబు ఇస్తూ ఏడ్చింది.

ఆ రాత్రి బాపు భయపడ్డాడా? కొంచెం పడే ఉంటాడు. కానీ ఊళ్లో అన్నల మాట చెల్లింది ఒక్క భయంతోనే కాదు. 1978లో రైతుకూలీలు దొరలకు ఎదురు నిలిచి చేసిన జగిత్యాల జైత్రయాత్ర నాటి నుంచీ దొరల వెట్టి ఆగడం, పాలేర్ల జీతం పెరగడం, తునికాకు కట్ట రేటు పెరగడం జనం కళ్లతో చూశారు. యాభై ఆకులు కోసి కట్ట కడితే పైసల్లో ఇచ్చే కాంట్రాక్టర్లు అన్నలు గట్టిగా అడిగాకే రేటు పెంచారు. ఆ కాంట్రాక్టర్ల దగ్గరే పార్టీ ఫండ్ కూడా వసూలు చేసేవాళ్లు, అదీ నిజమే. పట్వారీ లంచం లేకుండా పహాణీ (భూమి రికార్డు) నకలు ఇవ్వని రోజుల్లో, పైసా తీసుకోకుండా గంటలో తగువు తీర్చేవాడు కనిపిస్తే జనం అతని దగ్గరికే పోతారు. ఇది మా ఊరికే పరిమితం కాదు. అఫ్గానిస్థాన్‌లో 2021కి ఎన్నో ఏళ్ల ముందే తాలిబన్లు పల్లెల్లో భూతగాదాలు తీర్చే కోర్టులు నడిపారు. సర్కారు కోర్టుకు పోతే లంచం, ఆలస్యం. అందుకని తాలిబన్లంటే గిట్టనివాళ్లు కూడా వాళ్ల దగ్గరికి వెళ్లారు.

ఇంత మంచి చెప్పాను కదా, మిగతాది కూడా చెప్పాలి.

రాళ్లు పాతిన మూడో రోజు పోలీసులు వచ్చి బాపును, చిన్నాయనను ఇద్దరినీ జీపెక్కించారు. అన్నలతో పంచాయితీ ఎందుకు చేయించుకున్నారు, అన్నం ఎవరు పెట్టారు అని రెండు రోజులు ఉంచుకున్నారు. తిరిగొచ్చాక నెల రోజులు బాపు చెంబు ఎడమ చేత్తోనే పట్టుకున్నాడు. పగలు పోలీసు, రాత్రి దళం. ఇద్దరికీ జవాబు చెప్పాల్సింది మాత్రం ఊరోడే.

రెండేళ్ల తర్వాత అదే బడి అరుగు మీద ఇంకో పంచాయితీ జరిగింది. మా ఊళ్లో చిన్న కిరాణా కొట్టు నడిపే ఆయన పోలీసులకు సమాచారం ఇస్తున్నాడని ఆరోపణ. ఈసారి దళంలో వేరేవాళ్లు వచ్చారు. బాపు ఆ రోజు అక్కడే ఉన్నాడు. "నిజమేనా" అని అడిగారట, కాదన్నాడట. "ఎవరైనా మాట్లాడతరా" అని అడిగారట, ఎవరూ మాట్లాడలేదు. బాపు కూడా మాట్లాడలేదు. ఇది కూడా గంటలోనే అయిపోయింది. తెల్లారి వాగు దగ్గర శవం దొరికింది. ఆయన సైకిలు బడిగోడకు ఆనించి ఉండిపోయింది. వానాకాలం వచ్చి చైను తుప్పు పట్టి, సీటు చినిగి, చక్రాల మధ్య గడ్డి మొలిచినా ఎవరూ ముట్టుకోలేదు. పిల్లలు బడికి దాని పక్క నుంచే వెళ్లేవాళ్లు.

అందుకే "స్పీడు న్యాయం" అని ఎవరైనా మురిసిపోతే నాకు ఒళ్లు మండుతుంది. 2019 డిసెంబర్లో దిశ కేసు నిందితులు నలుగురిని ఎన్‌కౌంటర్ చేసినప్పుడు మా చెన్నై తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పండగ చేసుకున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన స్వీట్లు పంచాడు. నేను తీసుకోలేదు. 2022లో, ఆ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చి, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పినప్పుడు ఆ గ్రూపులో ఒక్కరూ నోరు విప్పలేదు. ఇదే మనుషులు అన్నల ప్రజాకోర్టును ఆటవికం అని తిడతారు. రెండు చోట్లా జరిగింది ఒకటే కదా: అప్పీలుకు దారి లేకుండా ప్రాణం తీయడం.

మా పక్కింట్లో ఒక అక్క ఉంది, శ్రీలంక తమిళావిడ. మేడ మీద బట్టలు ఆరేసుకుంటూ మొదలైన స్నేహం. నా అరకొర తమిళంతోనే మాట్లాడుకుంటాం. ఆమెది జాఫ్నా. 1990లో తమిళ టైగర్లు (ఎల్టీటీఈ) ఇంటికి రెండు సవర్ల బంగారం అడిగితే వాళ్లమ్మ గాజులు ఇచ్చిందట. 1995 అక్టోబర్ చివర్లో శ్రీలంక సైన్యం దగ్గరికొస్తుంటే టైగర్లు ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. లక్షల మంది వానలో నడిచి వెళ్లినవాళ్లలో ఆమె ఒకరు. తర్వాత కిళినొచ్చిలో ఉన్నారు. అక్కడ టైగర్లకు సొంత పోలీసులు, సొంత కోర్టులు, శిక్షాస్మృతి, బ్యాంకు అన్నీ ఉండేవి. 1996లో కొలంబో ప్రభుత్వం గడియారాలు ముందుకు జరిపితే టైగర్లు ఒప్పుకోలేదు. ఆ ఏడాది చివరి నుంచి దాదాపు పదేళ్ల పాటు వాళ్ల ప్రాంతంలో టైము కొలంబో కన్నా అరగంట వెనక ఉండేది. "మాకు రెండు టైములు తమ్ముడూ" అంటుంది అక్క.

అక్క చెప్పినవాటిలో నన్ను బాగా ఆలోచనలో పడేసింది వేరే ఉంది. ఆ ప్రాంతంలో టీచర్ల జీతాలు, ఆసుపత్రి డాక్టర్ల జీతాలు, బియ్యం కోటా, మందులు అన్నీ కొలంబో ప్రభుత్వమే పంపేది. పిల్లల పరీక్షలు కూడా కొలంబో పెట్టినవే. బడి నడిపే ఖర్చు ఒకరిది, ఆ బడి నుంచి పిల్లల్ని యుద్ధానికి పట్టుకెళ్లే అధికారం ఇంకొకరిది. టీవీ చర్చల్లో కూర్చునేవాళ్లు "సమాంతర ప్రభుత్వం" అని తేలిగ్గా అనేస్తారు. నిజంగా సమాంతరంగా ఎక్కడా ఉండదు. ఉన్న ప్రభుత్వం మీదే ఎక్కి కూర్చుంటారు.

ఆ ప్రాంతం దాటి బయటికి రావాలంటే పాస్ కావాలి. పాస్ ఇవ్వాలంటే ఇంట్లో ఒకరు పూచీ నిలబడాలి. "పిణై" అంటుంది అక్క. 1999లో ఆమె ఆసుపత్రి పని మీద, ప్రభుత్వం చేతిలో ఉన్న వవునియాకు వస్తూ తన అన్నను పిణై పెట్టి వచ్చింది. తిరిగి వెళ్లలేదు. ఆ అన్న సంగతి ఎప్పుడూ చెప్పదు. నేను అడగను.

సరే, మా గెట్టు సంగతి. బాపు కోర్టుకు వెళ్లడం మానేశాడు కాబట్టి కేసు కొట్టేశారు. దళం రాయి పాతించింది కానీ పహాణీ మార్చలేదు, మార్చే అధికారం వాళ్లకెక్కడిది? కాయితాల్లో ఆ మూడు గుంటలు బాపు పేరు మీదే ఉండిపోయాయి. పొలంలో మాత్రం చిన్నాయన దున్నుకున్నాడు. దళాలు మా వైపు కనుమరుగై ఇరవై ఏళ్లు దాటింది. ఊళ్లో అన్నల పేరెత్తేవాళ్లు కూడా లేరు. అయినా బాపు ఆ రాయి జోలికి పోలేదు. "ఇప్పుడెవలున్నరే, తీసేద్దామా?" అని నేను రెండు మూడు సార్లు అడిగాను. ఒకసారి "అది తమ్మునికి న్యాయంగ వచ్చింది" అన్నాడు. ఇంకోసారి "మనకెందుకు బిడ్డా, ఎవలైనా వస్తరు" అన్నాడు. ఈ రెండింట్లో ఏది నిజమో చెప్పకుండానే 2016లో పోయాడు.

2020లో తెలంగాణలో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక పాస్‌బుక్‌లో ఆ మూడు గుంటలు నా పేరున వచ్చాయి. చిన్నాయన కొడుకు ఫోన్ చేసి, "అన్నా, ఒకసారి వచ్చి నాకు రాసియ్యరాదే" అన్నాడు. వెళ్లాను. సర్వేయర్ కొలిచి, రాయి తప్పు చోట ఉంది, మీ భూమి అటు దాకా ఉంది, ఎవరు పాతారు దీన్ని అని అడిగాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముప్పై ఏళ్లు దాటింది, అయినా ఇద్దరికీ నోరు రాలేదు. "పెద్దలు పెట్టుకున్నరు" అన్నాడు మా తమ్ముడు. నేను సంతకం పెట్టి, ఆ సాయంత్రమే చెన్నై బండెక్కాను.