మురుగు పైపుకు లైనర్: వేర్లకు సరే, కుంగిన చోట వద్దు

ఇంటి మురుగు పైపు నేలలో పగిలి వేర్లు దూరాయి, తవ్వకుండా లోపల లైనర్ అనే కొత్త పొర వేస్తే చాలంటున్నారు, నమ్మొచ్చా అని అడిగారు. మాకూ ఇదే వచ్చింది, లైనరే వేయించాం. పగుళ్లు, వేర్లు మాత్రమే అయితే ధైర్యంగా వేయించుకోండి. పైపు ఎక్కడైనా కుంగి ఉంటే మాత్రం ఆగండి. ఈ మాట మాకు ముందు ఎవరూ చెప్పలేదు.

పని జరిగేది ఇలా. రెజిన్ అనే గట్టిపడే జిగురుతో బాగా తడిపిన మెత్తటి ఫెల్ట్ గుడ్డ గొట్టాన్ని నీటి ఒత్తిడితోనో గాలి ఒత్తిడితోనో, సాక్సు తిరగేసినట్టు తిరగేస్తూ పాత పైపులోకి పంపుతారు. తడి వైపు పైపు గోడకు ఆనుకుంటుంది. వేడినీళ్లతోనో ఆవిరితోనో గట్టిపరుస్తారు. కొన్ని రకాలకు యూవీ లైటు వాడతారు. 1971లో లండన్‌లో ఎరిక్ వుడ్ మొదలుపెట్టిన పద్ధతి ఇది, కాబట్టి కొత్త ప్రయోగమేమోనని టెన్షన్ అక్కర్లేదు.

చిక్కల్లా ఒకటే. లైనర్ పాత పైపులో అచ్చు పోసినట్టు గట్టిపడుతుంది. పైపు వాటం తప్పి ఉంటే లైనర్ కూడా అదే వాటంలో ఉండిపోతుంది.

మా పైపులో కెమెరా పంపినప్పుడు ఒకచోట నీళ్లలో మునిగి స్క్రీనంతా మసకైపోయింది. "మడ్డి పేరుకుంది, జెట్టింగ్ చేస్తే పోతుంది" అన్నారు పనివాళ్లు. జెట్టింగ్ అంటే గట్టి ఒత్తిడితో నీళ్లు కొట్టి పైపు కడగడం. జెట్టింగ్ అయ్యాక మళ్లీ కెమెరా పంపమని నేను అడగలేదు, వాళ్లూ పంపలేదు. లైనర్ పడింది. కొన్ని నెలలకే మళ్లీ అక్కడే అడ్డుపడింది. ఈసారి వేరే అతను వచ్చి చూస్తే లైనర్ నున్నగా ఉంది, ఒక్క పగులూ లేదు, కానీ ఆ పల్లంలో నీళ్లు నిలిచే ఉన్నాయి. చివరికి అంత మేర తవ్వి, లైనర్‌తో సహా పైపు కోసేసి, వాటం సరిచేసి కొత్త ముక్క వేయాల్సి వచ్చింది. ఆ ముక్క ముందే తవ్వి ఉంటే మిగతాదానికి హాయిగా లైనర్ సరిపోయేది. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే జెట్టింగ్ అయ్యాక రెండోసారి కెమెరా పంపించండి. కాసేపు నీళ్లు వదిలి, ఆపి, పారిపోయాక చూడమనండి. అప్పుడూ కెమెరా మునిగితే అక్కడ పైపు కుంగినట్టే. పూర్తిగా కూలిన చోటా అంతే, లైనర్ గొట్టం పోవడానికి దారే ఉండదు.

ఇంకోటి, బాత్రూమ్, వంటగది పైపులు వచ్చి కలిసే నోళ్లను లైనర్ మూసేస్తుంది. గట్టిపడ్డాక లోపలి నుంచే రోబో కట్టర్‌తో తెరవాలి. ముందే ఒక్కో కుళాయి తిప్పి, ఏ నోటి నుంచి నీళ్లు వస్తున్నాయో కెమెరాలో గుర్తు పెట్టించండి. పని ముగిశాక అన్నీ తెరిచారో లేదో వీడియోలో చూసుకునేదాకా ఇంట్లో నీళ్లు వాడకండి.

వాసన సంగతి తేలిగ్గా తీసుకోకండి. పాలియెస్టర్ రెజిన్ అయితే స్టైరీన్ అనే రసాయనం ఘాటు వస్తుంది. వాడని బాత్రూముల్లో ట్రాప్ (వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే పైపు వంపు) ఎండిపోయి ఉంటే ఆ దారినే గదుల్లోకి చేరుతుంది. ముందురోజు అన్ని ట్రాపుల్లో నీళ్లు పోసి, పని జరిగేటప్పుడు కిటికీలు తీసి ఉంచండి. చిన్నపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే ఆ పూటకి బయటికి పంపేయండి.