మొదటి జీతం అంకెను ఎంతవరకు నమ్మాలి

చిరంజీవి చిన్నికి, పెద్దమ్మ ఆశీస్సులు.

చదువు పూర్తికాకముందే రెండు ఆఫర్ లెటర్లు చేతికొచ్చాయని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఒకచోట జీతం ఎక్కువట, మరొకచోట పని నీకు బాగా నచ్చిందట కానీ జీతం అయిదో వంతు తక్కువట. దాంతో ఇంట్లో రెండు పక్షాలు తయారయ్యాయని, మీ నాన్న డబ్బు వైపు, మీ అమ్మ మనసు వైపు నిలబడ్డారని, తీర్పు నన్ను చెప్పమంటున్నారని కూడా చెప్పింది. ఉద్యోగులను చేర్చుకునే విభాగంలో, జీతాలు నిర్ణయించే బల్లకు అవతలి వైపున నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి అడిగి ఉంటారు. తీర్పు మాత్రం నీదే. మీ అమ్మా నాన్నా చెప్పినవి రెండూ సగం సగం నిజాలు, మిగతా సగాలు నేను రాస్తున్నాను.

ముందు మీ నాన్న సంగతి. డబ్బుతో సంతోషం రాదని చెప్పేవాళ్ళ దగ్గర సాధారణంగా డబ్బుంటుంది. 2010లో డేనియల్ కానమన్, ఆంగస్ డీటన్ అనే ఇద్దరు పండితులు అమెరికాలో ఏటా 75 వేల డాలర్ల ఆదాయం దాటాక రోజువారీ సంతోషం ఇక పెరగదని తేల్చారు. ఆ మాట పట్టుకుని ఎందరు ఉపన్యాసాలు దంచారో! 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే పరిశోధకుడు తన లెక్కల్లో అలాంటి ఆగుదల కనబడలేదన్నాడు. చివరికి 2023లో కానమన్, అతను కలిసి కూర్చుని లెక్క మళ్ళీ చూశారు. చాలామందిలో ఆదాయంతోపాటు సంతోషమూ పెరుగుతూనే ఉంటుందని, ఒక స్థాయి దాటాక ఆగిపోయేది బాగా దిగులుతో ఉన్న కొద్దిమందిలోనేనని తేలింది. కాబట్టి జీతం చూసుకోమంటున్న మీ నాన్నను దురాశాపరుడని అనుకోవద్దు.

అయితే ఆ లెక్కలోనే ఒక కిటుకు ఉంది. ఆదాయం రెట్టింపైతే సంతోషం కొంత పెరుగుతుంది. మళ్ళీ అంతే పెరగాలంటే ఆ రెట్టింపు మళ్ళీ రెట్టింపు కావాలి. నీ రెండు ఉద్యోగాల మధ్య ఉన్న తేడా దానికి చాలా దూరం. అదీగాక ఇది మొత్తం జీవితంలోని సంతోషం సంగతి. ఉద్యోగంలో తృప్తి వేరే లెక్క. తిమోతి జడ్జ్ బృందం అంతకుముందు జరిగిన అధ్యయనాలను 2010లో ఒక్కచోట చేర్చి చూస్తే, జీతానికీ ఉద్యోగ తృప్తికీ ఉన్న సంబంధం 0.15 అని వచ్చింది. పూర్తి సంబంధం ఉంటే 1, అసలు లేకపోతే 0. అంటే ఒక మనిషి జీతం ఎంతో చెబితే, ఆ మనిషి ఉదయం ఆఫీసుకు ఏ ముఖంతో వెళుతున్నాడో ఊహించడం దాదాపు అసాధ్యం.

అందుకని నేను చెప్పే పద్ధతి ఇది. ఒక కాగితం తీసుకుని అద్దె, తిండి, ప్రయాణం, చదువు కోసం చేసిన అప్పు వాయిదా, ఇంటికి పంపాల్సింది ఏమైనా ఉంటే అది, నెలనెలా దాచుకోవాల్సింది రాసి కూడు. కింద ఒక గీత గీయి. గీతకు దిగువన ఉన్న జీతానికి ఎంత నచ్చిన పనైనా ఒప్పుకోవద్దు. నెలాఖరున చేతిలో డబ్బు లేని మనిషి పనిలో ఆనందం వెతుక్కోలేదు. రెండు జీతాలూ గీత దాటితే మాత్రం, ఆ పైన ఉన్న తేడాకు మీ ఇంట్లో ఇస్తున్నంత బరువు ఇవ్వనక్కర్లేదు.

ఇంకో మాట, అసలు ఆ తేడా నిజమైన తేడానేనా? పెద్ద జీతం ఇస్తామన్న కంపెనీలో రాత్రి తొమ్మిదికి ముందు ఎవరూ కుర్చీ వదలరని నువ్వే మీ అమ్మతో అన్నావట. అక్కడ 100 అనుకుందాం, ఇక్కడ 80. అక్కడ వారానికి 60 గంటలు, ఇక్కడ 45 అయితే గంటకు అక్కడ పడేది 1.67, ఇక్కడ 1.78. తక్కువ జీతం అనుకున్నదే గంట లెక్కన ఎక్కువ ఇస్తోంది! పెద్ద అంకెలో ప్రతినెలా ఖాయంగా వచ్చేది ఎంత, కంపెనీ లాభాలను బట్టి వచ్చే వేరియబుల్ పే ఎంత, కోతలు పోను చేతికొచ్చేది ఎంత అన్నది విడదీసి చూడు. జాయినింగ్ బోనస్ ఉంటే, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలా అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. నోటీసు పీరియడ్ కూడా అక్కడే ఉంటుంది. ఆఫర్ లెటర్‌లో మొదటి పేజీ ఊరించడానికి, మిగతా పేజీలు బంధించడానికి. మా విభాగంలో ఆ మిగతా పేజీలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను, కాబట్టి ఖాయంగా చెబుతున్నాను.

ఏ ఉద్యోగం తీసుకున్నా సంతకానికి ముందు ఒకసారి జీతం పెంచమని అడుగు. మొహమాటపడకు. మేము చెప్పే మొదటి అంకె చాలాసార్లు మేము ఇవ్వగలిగిన గరిష్ఠం కాదు, ప్రతి పోస్టుకూ కింద ఇంత పైన ఇంత అని మా దగ్గర ఒక పరిధి ఉండేది. మర్యాదగా అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు. ఇంటి ఖర్చులు చెప్పి అడగకు, అది వాళ్ళకు పట్టదు. "ఈ పనికి బయట ఇంత ఇస్తున్నారు, నేను ఫలానా ప్రాజెక్టు చేసి ఉన్నాను, 84 చేయగలరా?" అని అడిగి ఊరుకో. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని నువ్వు పూరించకు, వాళ్ళను పూరించనీ. జీతం పెంచలేమంటే ఆరు నెలలకే సమీక్ష జరపాలని రాసివ్వమను.

నాలుగే కదా అనుకుంటావేమో. ఇంక్రిమెంట్లు శాతాల్లో వస్తాయి. ఏటా 5 శాతం పెరిగితే 80కీ 84కీ ఉన్న ఆ 4 తేడా ఇరవై ఏళ్ళకు 10 దాటుతుంది. ఆ ఇరవై ఏళ్ళ తేడాలన్నీ కూడితే 132. నీ మొదటి ఏడాది జీతానికి ఒకటిన్నర రెట్ల పైమాటే, పది నిమిషాల ధైర్యానికి.

ఈ లెక్క విని మీ నాన్న "చూశావా, మొదటి జీతమే పునాది" అనబోతారు. ఆగమను. ఒకే కంపెనీలో ఇరవై ఏళ్ళు కూర్చుంటేనే ఆ లెక్క. 1992లో రాబర్ట్ టోపెల్, మైకేల్ వార్డ్ అనే ఆర్థికవేత్తలు అమెరికా యువకుల ఉద్యోగాల చరిత్రను తిరగేస్తే, మామూలుగా ఒక మనిషి జీవితకాలంలో చేసే ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులు మొదటి పదేళ్ళలోనే అయిపోతున్నాయని, ఆ కాలంలో పెరిగిన జీతంలో కనీసం మూడో వంతు ఉద్యోగం మారినప్పుడే పెరిగిందని తేలింది. కెనడాలో మాంద్యం రోజుల్లో పట్టా పుచ్చుకున్నవాళ్ళ సంగతి ఇంకా చిత్రమైనది. ఫిలిప్ ఒరియోపౌలస్ తన సహచరులతో 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం వాళ్ళు సుమారు 9 శాతం తక్కువ సంపాదనతో మొదలుపెట్టారు, పదేళ్ళలో ఆ లోటు చాలావరకు పూడిపోయింది. ఎలా? క్రమంగా మెరుగైన సంస్థలకు మారడం ద్వారా. బయట గిరాకీ తక్కువ ఉన్న చదువులు చదివినవాళ్ళకు మాత్రం ఆ దెబ్బ అంత సులభంగా మానలేదు. అంటే మొదటి ఉద్యోగం నుంచి నువ్వు రెండో ఉద్యోగానికి మోసుకుపోయేది పాత జీతం చీటీ కన్నా ఎక్కువగా చేతిలోని పని. రెండేళ్ళ తర్వాత నీకు ఏం చేయడం వచ్చి ఉంటుందన్నది రెండుచోట్లా అడుగు.

ఇక మీ అమ్మ వాదన. నచ్చిన పని చేస్తే చాలు అంటోంది. నచ్చిన సబ్జెక్టు వేరు, ఆ సబ్జెక్టు చుట్టూ రోజంతా జరిగే పని వేరు. మామూలు మంగళవారం ఉదయం నుంచి సాయంత్రం దాకా అక్కడ ఏం చేయిస్తారో తెలియకుండా ఆ పని నచ్చిందని చెప్పలేం. పైగా మోజు ఉన్న మనిషిని వాడుకోవడం తేలిక. అలాంటివాళ్ళ చేత జీతం ఇవ్వకుండా అదనపు పని చేయించినా జనానికి అంత తప్పుగా తోచదని 2020లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఇంటర్వ్యూలో "మాదంతా ఒక కుటుంబం" అనే మాట వినబడితే, జీతం పెంచే పద్ధతి ఏమిటో వెంటనే అడుగు.

నిజానికి రోజులను బాగు చేసేదీ పాడు చేసేదీ ఎక్కువగా నీకు పని చెప్పే మనిషి. 1959లో వెలువడిన ఒక అధ్యయనం కోసం ఫ్రెడెరిక్ హెర్జ్‌బర్గ్ బృందం పిట్స్‌బర్గ్‌లో దాదాపు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను పనిలో ఎప్పుడు బాగా అనిపించిందో, ఎప్పుడు విసిగిపోయారో చెప్పమని అడిగింది. బాగా అనిపించినప్పుడు వాళ్ళు చెప్పినవి సాధించడం, గుర్తింపు, పనిలోని సారం, బాధ్యత. విసుగు కథల్లో వినబడినవి కంపెనీ పద్ధతులు, పై అధికారి తీరు, జీతం. మంచి జరిగితే తమ గొప్ప, చెడు జరిగితే ఎదుటివాడి తప్పు అనుకోవడం మనిషి నైజం కాబట్టి ఈ ఫలితాలను పూర్తిగా నమ్మలేమని తర్వాతివాళ్ళు అన్నారు. సబబైన విమర్శే. కానీ మానేసి వెళ్ళేవాళ్ళతో చివరి రోజు మాట్లాడే పని నాకుండేది. కారణం అడిగితే ముందు "మంచి జీతం వచ్చిందండీ" అనేవాళ్ళు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే, చాలాసార్లు ఆ మాట వెనక నుంచి ఒక మేనేజరు బయటికొచ్చేవాడు.

కాబట్టి సంతకానికి ముందు నీకు పని చెప్పబోయే మనిషితో మాట్లాడించమని అడుగు. మొదటి మూడు నెలలు నాకేం అప్పగిస్తారు? నా పని ఎవరు చూస్తారు, బాగుందో లేదో ఎన్నాళ్ళకొకసారి చెబుతారు? ఈ కుర్చీలో ఇంతకుముందు ఉన్నవారు ఇప్పుడెక్కడ ఉన్నారు? ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు వస్తే అది మంచి చోటు. తడబడ్డారంటే అనుమానించు.

నీ గురించి నాకున్న బెంగ ఇంకొకటి. నువ్వు చిన్నప్పటి నుంచీ చెప్పుల దుకాణంలోనైనా అన్ని జతలూ చూస్తే గానీ కొనవు, కొన్నాక మరో జత బాగుండేదని నెల రోజులు బాధపడతావు. షీనా అయ్యంగార్, రేచల్ వెల్స్, బారీ ష్వార్ట్జ్ 2006లో ప్రచురించిన పరిశోధనలో నీలాంటివాళ్ళే ఉన్నారు. చదువు ముగిస్తూ ఉద్యోగాలు వెతుకుతున్న విద్యార్థుల్లో, అన్నిటికన్నా మేలైనదే కావాలని వెతికినవాళ్ళకు, సరిపడేది దొరికితే చాలనుకున్నవాళ్ళకన్నా మొదటి జీతం 20 శాతం ఎక్కువ వచ్చింది. వచ్చిన ఉద్యోగంపై తృప్తి మాత్రం వాళ్ళకే తక్కువ! వెతికినంతకాలం ఆందోళన, దొరికాక చేజారిన వాటి మీద చింత. ఎక్కువ జీతం వాళ్ళను బాధపెట్టిందని దీని అర్థం కాదు. వెతికిన తీరే వాళ్ళను తిన్నది. నువ్వు ఒకటి ఒప్పుకున్న రోజే రెండోదానికి కృతజ్ఞతలు చెప్పి ఉత్తరం రాసేయి, మూడో ఇంటర్వ్యూకు వెళ్ళకు.

చేరాక తోటివాళ్ళ జీతాలు తెలుస్తాయి, స్నేహితుల గ్రూపులో అంకెలు ఎగురుతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఉద్యోగుల జీతాలు ఒక వెబ్‌సైటులో బహిరంగమైనప్పుడు డేవిడ్ కార్డ్, సహచరులు కొందరికి ఆ సంగతి తెలియజేసి ఏమవుతుందో చూశారు. తమ విభాగంలో సగటు మనిషి కన్నా తక్కువ తీసుకుంటున్నవాళ్ళ తృప్తి తగ్గింది, వేరే ఉద్యోగం వెతకాలన్న ఆలోచన పెరిగింది. ఎక్కువ తీసుకుంటున్నవాళ్ళకేమో తృప్తి పెరగలేదు. అంటే పోల్చుకోవడంలో ఓడితే నష్టం, గెలిస్తే సున్నా. బయట ఎంత ఇస్తున్నారో సంతకానికి ముందు బాగా కనుక్కో. సంతకం అయ్యాక తొలి ఏడాది ఆ ఆరా మానేయి. ఒకవేళ నీ పక్కనే అదే పని చేసేవారికి ఎక్కువ ఇస్తున్నారని తెలిస్తే లోలోపల కుమిలిపోకు, సమీక్ష రోజున కాగితం మీద పెట్టి అడుగు.

కొత్త ఉద్యోగం మొదట్లో మురిపిస్తుంది, తర్వాత ఆ మురిపెం తగ్గుతుంది. 2005లో వెండీ బాస్వెల్ బృందం మేనేజర్ల ఉద్యోగాల మార్పులను పరిశీలించి ఇదే చెప్పింది. కనుక ఎనిమిదో నెలలో నిరుత్సాహం వస్తే అది ఉద్యోగం తప్పే అయి ఉండాలని లేదు, కొంత ఆగి చూడు. జీతం సమయానికి రాకపోయినా, అబద్ధం రాయమన్నా, ఒంటికీ మనసుకూ గౌరవం లేకపోయినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగవద్దు. ఆ సంగతులను ఓర్పుతో కలపకు.

శుక్రవారంలోగా జవాబు చెప్పమన్నారట. ఇంకో వారం గడువు అడుగు, సాధారణంగా ఇస్తారు. ఈలోగా పెద్ద జీతం వాళ్ళను నెలనెలా ఖాయంగా వచ్చేది ఎంతో విడిగా రాసి పంపమను. చిన్న జీతం వాళ్ళ దగ్గర నీ మేనేజరుతో అరగంట సమయం అడుగు. మీ నాన్న అడిగితే పెద్దమ్మ నీ పక్షమేనని చెప్పు, మీ అమ్మ అడిగినా అదే చెప్పు. రెండు జవాబులూ, నువ్వు గీసిన గీతా నాకు పంపు, కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ