పెరటి కోళ్ల గూట్లో ఘాటు, కళ్ల నీరు: ముందు గోనెలు విప్పండి

ప్రశ్న: మాది ఆనందపురం మండలం. పెరట్లో 30 గ్రామప్రియ పెట్టలున్నాయి. గూడు ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. పైన సిమెంటు రేకు, మూడు వైపులా ఇటుక గోడ, పొడవు వైపు ముందు భాగం జాలీ. చలి తగలకుండా కార్తీకం నుంచి జాలీకి గోనెలు, టార్పాలిన్ కట్టాం. కుక్కల బాధకు పగలు కూడా లోపలే ఉంచుతున్నాం. రెండు వారాలుగా తుమ్ములు, కళ్లలో నీరు, నురగ. గుడ్లు సగానికి పడిపోయాయి. పైగా తెల్లారేసరికి రేకు కారుతోంది. కొక్కెర తెగులేమోనని (రాణిఖేత్) మందుల షాపులో చెబితే ఎన్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి, గూడు ఇంకా గట్టిగా మూయమన్నారు. ఐదు రోజులు తాగించాం, గుణం లేదు. ఇప్పుడు ఏ మందు వాడాలి? సంక్రాంతి తర్వాత కోడిపిల్లలు తెస్తున్నాం, వాటినీ ఇందులోనే వదలవచ్చా?

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన రేకు సంగతే అన్నిటికంటే ముఖ్యం. వాన లేని రోజుల్లో రేకు లోపలి నుంచి ఎందుకు కారుతుంది? అది మీ కోళ్లు రాత్రంతా వదిలిన ఊపిరి. ఒక్కో పెట్ట రోజుకు పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది. 30 పెట్టలకు ఏడు లీటర్లు. గుడ్డులోకి పోయింది పోగా మిగతాదంతా ఊపిరిగా, రెట్టగా ఆ గూట్లోనే చేరుతోంది. బయటికి దారి లేక రేకుకు పట్టి, మళ్లీ ఊక మీదే పడుతోంది. తడి ఊకలో రెట్ట కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. కళ్ల మంట, తుమ్ములు దానివల్లేనని నా అనుమానం.

కొక్కెర తెగులైతే పచ్చటి విరేచనాలు, మెడ వంకర పోవడం, చావులు కనిపిస్తాయి. రెండు వారాల్లో ఒక్క కోడీ చనిపోయినట్టు మీరు రాయలేదు. ఇప్పటికైనా అలాంటి లక్షణాలు కనిపిస్తే ఈ సలహా పక్కన పెట్టి, చనిపోయిన కోడిని అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి.

రేపు ఉదయం ఐదింటికి గూడు తలుపు తీస్తూనే లోపల గొంతుక్కూర్చోండి. నిలబడితే తెలియదు, మీ ముక్కు కోడి తల ఎత్తులో ఉండాలి. పది అంకెలు లెక్కపెట్టండి. ముక్కు చురుక్కుమంటే సందేహం అక్కర్లేదు. రోజూ లోపలికి వెళ్లే మీకు వాసన అలవాటైపోయి ఉంటుంది కాబట్టి పక్కింటివాళ్లను కూడా కూర్చోబెట్టండి. తర్వాత గుప్పెడు ఊక తీసి గట్టిగా పిసకండి. గుప్పిట విప్పాక ఉండ ఉండలాగే ఉంటే తడి ఎక్కువైనట్టు. మెల్లగా విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. కోళ్ల భుజాల మీద ఈకలు కూడా చూడండి. కళ్లు మండే కోడి తలను రెక్కకేసి రుద్దుకుంటుంది, అక్కడ ఈకలు తడిసి మురికిగా అతుక్కుని ఉంటాయి.

ఈరోజే గోనెలు, టార్పాలిన్ విప్పేయండి. ఊకంతా ఎత్తి పెంటకుప్పలో వేయండి. ఆ రెండు రోజులు కోళ్లను గంపల కిందో, వల కట్టిన చోటో ఉంచండి. నేల ఒక రోజు ఆరాక పల్చగా సున్నం చల్లి, మర్నాడు ఎండిన వరి ఊక నాలుగంగుళాల మందాన పరవండి. ఘాటెక్కిన పాత ఊక మీద మాత్రం సున్నం చల్లకండి, అమ్మోనియా ఇంకా ఎక్కువ లేస్తుంది.

అసలు పని వెనక గోడ దగ్గర ఉంది. గాలి రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి కావాలి. మీ గూటికి ఉన్న ఒక్క దారీ మూసేశారు. వెనక గోడను మూడడుగుల ఎత్తు నుంచి రేకు దాకా విప్పించి, అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ కొట్టించండి. పాము, ముంగిస దూరవు. కోళ్లు పడుకునే కర్ర ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉంటే గాలి వాటి తలల మీదుగా పోతుంది, ఒంటికి కొట్టదు. రేకు చూరు రెండు వైపులా రెండున్నర అడుగులు ముందుకు వస్తే జల్లు లోపలికి రాదు. పరదా తప్పదనుకుంటే దాని అడుగు అంచు కింద బిగించి, కింద నుంచి పైకి లాగేలా కట్టండి. పైన అడుగు ఖాళీ ఎప్పుడూ ఉండాలి. హుద్‌హుద్ చూసిన జిల్లా మనది, తుపానంటే భయం ఉంటుంది. ఆ కొన్ని గంటలు పూర్తిగా మూయండి, గాలి తగ్గగానే విప్పండి.

ఇంకో మాట, పెట్టకు రెండు చదరపు అడుగులు కావాలి. మీ గూటికి 20 చాలు. మిగతా పదింటికి వేరే చోటు చూడండి, లేదా పెరటికి వల కట్టి పగలు బయటికి వదలండి.

చలికి భయపడొద్దు. ఈకలు నిండిన పెట్టకు మన మైదానం చలి ఒక లెక్క కాదు, పొడిగా ఉంటే చాలు. దాన్ని చంపేది మన ఎండాకాలం. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగరొప్పుతూ వేడి దించుకుంటుంది. మన సముద్రపు ఉక్కలో అది సరిగ్గా సాగదు. అందుకే ఏప్రిల్, మేలో గూట్లో నీళ్లు చిలకరించవద్దు. రేకు మీద సున్నం పూసి కొబ్బరాకులు కప్పండి.

ఇక మందు. అమ్మోనియాకు ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. కోడిని చూడకుండా, గూడు చూడకుండా సీసా ఇచ్చి, పైగా గూడు మూయమనడం చాలా తప్పు. గుడ్లు పెట్టే కోళ్లకు ఎన్రోఫ్లోక్సాసిన్ ఇవ్వకూడదు, అది గుడ్డులోకి దిగుతుంది. చివరిసారి తాగించిన రోజు నుంచి రెండు వారాలు ఆ గుడ్లు ఇంట్లో పిల్లలకు పెట్టవద్దు, అమ్మవద్దు, పాతిపెట్టండి. కోలిస్టిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఉన్న సీసా ఎవరైనా ఇస్తే తిప్పి పంపండి, కోళ్లకు, పశువులకు దాన్ని 2019లోనే నిషేధించారు. కళ్లకు అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ముప్పావు టీస్పూను ఉప్పు కలిపి, శుభ్రమైన దూదితో రోజుకు రెండుసార్లు మూడు రోజులు తుడవండి. గాలి మార్చిన వారానికి తుమ్ములు తగ్గకపోతే, ముఖం వాస్తే, రాత్రిపూట గొంతులో గురక వినిపిస్తే సీఆర్‌డీ (కోళ్లకు వచ్చే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి) ఉండవచ్చు. అప్పుడు మందు పశువైద్యుడు రాయాలి. కొక్కెర తెగులు టీకా వేయించకపోతే, కోళ్లు పూర్తిగా కోలుకున్నాకే లసోటా అనే ఆ టీకా వేయించండి.

కొత్త పిల్లలను ఇందులో వదలవద్దు. పెద్దవాటి జబ్బులు వాటికి అంటుతాయి. చలి భయం నిజంగా పిల్లలకే. మొదటి వారం బల్బు కింద 33 నుంచి 35 డిగ్రీలు ఉంచి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. చుట్టూ అడుగున్నర ఎత్తు అట్టముక్క చాలు, పైన మూయకండి. ఏడో రోజున లసోటా కంట్లో ఒక్క చుక్క, 28వ రోజున మళ్లీ నీళ్లలో. ఎనిమిది వారాలకు అదే తెగులుకు వేసే ఆర్‌2బి టీకా, అర మిల్లీలీటరు, చర్మం కింద.